నార్మన్ గారి టై

ఆటగాళ్లు మ్యాచ్‌కి సూటులో రావాలా, ట్రాక్‌సూట్‌లో రావాలా అన్న సందేహం నాకు చాలా ఏళ్లుగా ఉంది. ఆదివారం చర్చికి సూటులోనే వెళతాను. అయినా దేవుడు బట్టలు చూస్తాడని అనుకోను.

ఇంగ్లండ్‌లో మా లాంకషైర్ ఊరి ఫుట్‌బాల్ జట్టులో నేను ఆడే రోజుల్లో, మేనేజర్ నార్మన్ గారు టై లేనివాణ్ణి బస్సెక్కనిచ్చేవారు కాదు. ఓ కప్పు మ్యాచ్ నాడు నేను టై మరిచిపోయాను. ఆయన నన్ను తిట్టి, తన టై విప్పి నా మెడకి కట్టారు. తిరిగి ఇవ్వబోతే, "నాకు అవసరమైనప్పుడు ఇద్దువుగానిలే" అన్నారు.

ఇప్పుడు ఆ జట్టుకి మేనేజర్ని నేను. మా కుర్రాళ్లు ట్రాక్‌సూట్‌లోనే వస్తారు. నేను మాత్రం మ్యాచ్ రోజున ఆ టై కట్టుకుంటాను.

మొన్న శనివారం మ్యాచ్‌కి నార్మన్ గారు మా క్లబ్బు డైరెక్టర్ల గదికి టీకి వచ్చారు, ట్రాక్‌సూట్‌లో. పక్షవాతం వచ్చాక ఆయన చేతికి గుండీలు లొంగడం లేదు.

"టై లేకపోతే లోపలికి పంపకూడదు సార్," అన్నాడు తలుపు దగ్గరున్న బెర్నార్డ్, నేల చూస్తూ.

"తెలుసులేవోయ్. ఆ రూలు పెట్టించింది నేనే," అంటూ ఆయన వెనక్కి తిరిగారు.

నేను నా టై విప్పి ఆయన ట్రాక్‌సూట్ కాలరు చుట్టూ కట్టాను.

"మరి మీరెలా వెళతారు?" అన్నాడు బెర్నార్డ్.

"నేను టీ కుర్రాళ్లతో తాగుతాలే."

నార్మన్ గారు టై తడిమి చూసుకున్నారు. "ఇది నాదే కదరా?"

"మీదే సార్. అవసరమైనప్పుడు ఇమ్మన్నారుగా."