గేరి నుంచి ఇద్దరు

ఏసన్న శాసనసభ్యుడైన రోజున, ఊరి బయట హరిజనులుండే అతని గేరిలో పెద్ద సంబరమేమీ జరగలేదు. గెలిచింది బసన్నగౌడేనని అందరూ అనుకున్నారు. ఒక రకంగా అది నిజమే.

అది యాభైరెండో సంవత్సరం. ఆదోని తాలూకా ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ నియోజకవర్గానికి ఇద్దరు సభ్యులు. ఒకటి జనరల్ సీటు, రెండోది రిజర్వు సీటు. అభ్యర్థికో డబ్బా పెట్టి, దాని మీద గుర్తు అంటించేవారు. ఓటరు చేతికి రెండు చీట్లు ఇచ్చేవారు. ఆ రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో వేయాలి. ఎమ్మిగనూరు దారిలోని పల్లెలకు పెద్ద రైతు అయిన బసన్నగౌడు జనరల్ సీటుకు నిలబడ్డాడు. రిజర్వు సీటుకు ఎవరిని నిలబెట్టాలో కూడా ఆయనే తేల్చాడు. మతం మారకుండానే మిషను బడిలో చదివి అక్కడే పాఠాలు చెప్పే ఏసన్నను ఇంటికి పిలిపించి, అరుగు కింద నిలబెట్టి మాట్లాడాడు.

"సదువుకున్నోడివి. మీ అన్న నా దగ్గర జీతం ఉండాడు. పరాయోడివి కాదు. నా ఎనక నిలబడితే సాలు."

ఏసన్న నిలబడ్డాడు. ఇద్దరూ గెలిచారు. మద్రాసు సభలో గౌడు ముందు వరసలో కూర్చుంటే ఏసన్న వెనక కూర్చునేవాడు. గౌడు చెయ్యెత్తితే తానూ ఎత్తేవాడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయ్యాక వాళ్లిద్దరూ అక్కడి సభలో కూర్చున్నారు. గెలిచిన మొదటి రెండేళ్లలో ఏసన్న సభలో నోరు విప్పింది లేదు.

నోరు విప్పించింది బావి. కరువు పనుల కింద గేరికి ఒక తాగునీటి బావి మంజూరైంది. ఊరి బావి దగ్గరికి గేరివాళ్లను రానిచ్చేవారు కాదు. ఆడవాళ్లు వంకలో చెలమలు తీసి, ముంతతో నీళ్లు ముంచుకునేవారు. మంజూరైన బావిని గౌడు తన పత్తిచేలో తవ్వించుకున్నాడు. నీళ్లు పడ్డాయి. చేనుకు పారాయి.

ఏసన్న మొదట గౌడు ఇంటికే వెళ్లి అడిగాడు.

"మీ గేరికి ఇంకోటి తెప్పిస్తాలే. తొందరేముంది?" అన్నాడు గౌడు.

మళ్లీ వేసవి వచ్చింది. చెలమ మీదికి గట్టు విరిగిపడి, నీళ్లు తోడుతున్న ఒక బాలింత చనిపోయింది. ఆ మరుసటి సమావేశంలో ఏసన్న లేచి నిలబడ్డాడు. మా గేరికి ఇచ్చిన బావి ఎక్కడుందో చెప్పాలని అడిగాడు. గౌడు పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ రాలేదు. ముందు వరసలో ఉన్న గౌడు వెనక్కి తిరిగి అతణ్ణి ఒక్కసారి చూసి, మళ్లీ ముందుకు తిరిగాడు. విచారిస్తామని జవాబు వచ్చింది.

కొన్నాళ్లకు ప్రభుత్వం పడిపోయింది. యాభైఐదు మొదట్లో మళ్లీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి రిజర్వు సీటుకు గౌడు ఏసన్నను పిలవలేదు. అతని అన్న గిడ్డయ్యను పిలిచాడు.

గిడ్డయ్య చిన్నప్పటి నుంచీ గౌడు ఇంట్లో జీతగాడు. చదువు లేదు. ఎద్దుల సంగతి తప్ప వేరే సంగతి పట్టేది కాదు. నామినేషను కాగితం మీద వేలిముద్ర వేసి, ఆ సాయంత్రమే తమ్ముడి గుడిసెకు వచ్చాడు. లోపలికి రాకుండా గడప బయటే కూర్చున్నాడు.

"నేను అడగలేదు ఏసన్నా. నన్ను పిలిసి ఏలు పట్టుకొని ముద్దరేయించినారు."

"వద్దని సెప్పలేకపోతివా అన్నా?"

"గౌడప్పకు నేను వద్దని ఎప్పుడు సెప్పినానప్పా?"

ఏసన్న తానూ నిలబడుతున్నానని, సైకిలు గుర్తు అడిగానని చెప్పాడు. గిడ్డయ్య తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"నిలబడు. నువ్వే గెలవాల. నేను ఆడికి పోయి ఏం సేస్తాను?"

ఏసన్న భార్య తిప్పమ్మకు మాత్రం కోపం ఆగలేదు. "ఒక కడుపున పుట్టినోళ్లను ఎద్దుల్లాగా ఎదురెదురుగా కట్టినాడు. మీరేమో కట్టించుకుంటారు," అంది ఇద్దరినీ చూసి.

ప్రచారం చప్పగా సాగింది. గౌడు బండ్లు గిడ్డయ్యను ఊరూరా తిప్పాయి. గిడ్డయ్య దండ వేసుకుని, తల వంచుకుని కూర్చునేవాడు. ఏసన్న సైకిలు మీద ఒక్కడే తిరిగాడు. ఎమ్మిగనూరు మగ్గాలవాళ్లు కొందరు, ఆదోని పత్తి జిన్నింగు మిల్లుల్లో కూలికి పోయేవాళ్లు కొందరు అతని మాట విన్నారు. సొంత గేరిలో మాత్రం అతణ్ణి చూస్తే జనం చూపు తిప్పుకునేవారు. వాళ్ల జొన్న కోతలన్నీ గౌడు చేలలోనే.

దారి చూపింది వాళ్ల అమ్మ ఎల్లమ్మ. ఎవరికి వేస్తావని ఆడవాళ్లు అడిగితే, ఆమెకు అదేమీ చిక్కుగా తోచలేదు.

"ఓటు సీటీలు రెండు ఇస్తారు గదా. నాకు ఇద్దరు కొడుకులు. ఒగటి వానికి, ఒగటి వీనికి."

"మరి గౌడప్పకు?"

"ఆయప్ప నా కొడుకు కాదు గదమ్మా."

ఆ మాట ఏ చప్పుడూ లేకుండా గేరి నుంచి గేరికి పాకింది. ఏసన్న చెవినా పడింది. అతనికి భయమేసింది. గౌడు గిడ్డయ్యను పెట్టింది కూలీల రెండో చీటీ తన డబ్బాలో పడటానికే. అది పడకపోతే ఎవరు వేయలేదో ఆయనకు తెలిసిపోతుంది. ఏ బూతు డబ్బాలు ఆ బూతువిగానే లెక్కపెడతారు. ఈ సంగతి చెప్పి జనాన్ని ఆపాలా అని ఏసన్న ఆలోచించాడు. ఆపలేదు. గెలుస్తాననే ఆశ అతనికీ పుట్టింది.

ఆదోనిలో లెక్కింపు జరిగింది. గిడ్డయ్యకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చి రిజర్వు సీటు దక్కింది. మిగిలినవాళ్లలో, ఏ కులంవాళ్లయినా సరే, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకు జనరల్ సీటు. ఆ పోటీ గౌడుకూ ఏసన్నకూ మధ్యే సాగింది. మధ్యాహ్నం దాకా ఏసన్న ముందున్నాడు. చివరికి కొద్ది ఓట్ల తేడాతో గౌడు గెలిచాడు. గేరివాళ్ల బూతులో గౌడు డబ్బా తెరిచినప్పుడు అడుగున నాలుగైదు చీట్లు మాత్రమే కనబడ్డాయి. గౌడు వాటిని చూసి, చేతికర్ర తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

పక్కరోజు నుంచి గేరివాళ్లకు కోతలు లేవు. ఆస్పరి వైపు నుంచి బండ్లలో కూలీలు దిగారు. వంక దగ్గరికి వెళ్లే దారికి గౌడు మనుషులు ముళ్లకంప వేశారు. ముసలివాళ్లను గుడిసెల్లో వదిలి, వయసులో ఉన్నవాళ్లు ఆదోని మిల్లుల దగ్గర పని వెతుక్కున్నారు. అందరికీ దొరకలేదు. ఎవరూ ఏసన్నను తిట్టలేదు. ఎల్లమ్మ మాత్రం తన మాట వల్లే ఇంత జరిగిందని అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకునేది.

విత్తనాల కాలం దగ్గరపడ్డాక గిడ్డయ్య కర్నూలు నుంచి వచ్చాడు. ఖద్దరు చొక్కా వేసుకున్నాడు. అది అతని భుజాలకు వదులుగా ఉంది. ఈసారి లోపలికి వచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నాడు.

"గౌడప్ప వాకిట్లో పొద్దున్నుంచి నిలబడినాను. ఎమ్మెల్యేనైనా ఆ వాకిట్లో నేను జీతగాన్నే. ఆఖరుకు దిగినాడు. పన్లు ఇస్తాడంట. కంప తీయిస్తాడంట. గేరిలో బాయి గూడ తవ్విస్తాడంట."

"ఊరికేనా?"

గిడ్డయ్య నేల చూశాడు. "నువ్వు ఇంక యా ఎలక్షన్‌కూ నిలబడకూడదంట. నీ నోటితో మాటియ్యాలంట."

పొయ్యి దగ్గరున్న తిప్పమ్మ చేతిలో కట్టె పక్కన పెట్టింది. "ఇయ్యొద్దు," అంది మొగుడితో. "నిన్ను నమ్మి ఓటేసినోళ్లు ఏమనుకుంటారు?"

"వాళ్లు పస్తులుండారు తిప్పీ."

"పస్తులుండి గూడ నిన్ను ఒక మాట అనలేదు గదా."

ఏసన్న లేచి అన్నతో కలిసి గౌడు ఇంటికి వెళ్లాడు. అరుగు కింద నిలబడి మాట ఇచ్చాడు. గౌడు పెద్దగా ఏమీ అనలేదు. "మంచిది," అని లోపలికి వెళ్లాడు. తిరిగి వస్తుంటే గిడ్డయ్య దారిలో ఆగి, తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు.

గౌడు మాట తప్పలేదు. కంప తీయించాడు, పనులిచ్చాడు. ఎండాకాలం తిరిగే లోపు గేరిలో బావి తవ్వించాడు, దాని మీద తన పేరు చెక్కించాడు. గిడ్డయ్య సభకు వెళ్లి వస్తూనే ఉన్నాడు. సభలో అతను మాట్లాడాడని ఎవరూ వినలేదు. తిప్పమ్మ చాలా రోజులు మొగుడితో ముక్తసరిగానే మాట్లాడింది. ఏసన్న ఆదోనిలో చిన్న బడి పెట్టి మిల్లు కూలీల పిల్లలకు పాఠాలు చెప్పుకున్నాడు.

యాభైతొమ్మిదిలో ఒక రోజు, ఆదోని బస్టాండులో గేరి మనుషులు కొందరు అతనికి ఎదురుపడ్డారు. వాళ్లలో మాదన్న అనే నడివయసు కూలీ దగ్గరికి వచ్చి, మాట ఎవరికీ వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"అన్నా, వచ్చే ఎలక్షన్‌లో యా గుర్తు తీసుకుంటావో ముందే సెప్పు. పోయినసారి కొంచెంలో పోయింది. ఈసారి ఆస్పరి కూలోళ్లతో గూడ మాట్లాడినాం. పస్తులకు మేం సిద్ధంగా ఉండాం."

మిగిలినవాళ్లు కూడా దగ్గరికి జరిగారు. ఏసన్న వాళ్ల ముఖాల వైపు చూశాడు. ఇచ్చిన మాట సంగతి వాళ్లెవరికీ తెలియదు. గిడ్డయ్య చెప్పలేదు, తానూ చెప్పలేదు.

"బస్సు వచ్చింది. ఎక్కండప్పా, సీటు దొరకదు," అన్నాడు ఏసన్న.

మాదన్న ఎక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, జవాబు కోసం చూస్తూనే ఉన్నాడు.