ఐదు వేళ్ళ బేరం

నేను ఒక నల్లబల్లను. నన్ను చేసిన వడ్రంగి ఒక బడి కోసమని చేశాడు. బడివాళ్ళు వద్దనడంతో షేర్ మార్కెట్ వాళ్ళు కొనుక్కుపోయారు. బళ్ళో అయితే రెండు రెళ్ళు పొద్దున నాలుగు, సాయంత్రమూ నాలుగే. ఇక్కడ పొద్దున నా మీద రాసిన అంకె మధ్యాహ్నానికి నేనే గుర్తుపట్టలేనంతగా మారిపోయేది. మొదటిరోజే బిత్తరపోయాను.

మెల్లగా సంగతి అర్థమైంది. సిమెంటు కంపెనీ పెట్టాలంటే బోలెడు డబ్బు కావాలి. అంత డబ్బు ఒక్కడి దగ్గర ఉండదు కాబట్టి కంపెనీని చిన్న చిన్న వాటాలు చేసి జనానికి అమ్ముతారు. అవే షేర్లు. కొన్నవాడికి రేపు డబ్బు అవసరమైతే కంపెనీ వెనక్కి ఇవ్వదు, ఇంకొకడికి అమ్ముకోవాల్సిందే. ఆ ఇద్దరినీ కలిపే చోటు మా హాలు. వాళ్ళ తరఫున బ్రోకర్లు వచ్చి గొంతు చించుకుంటారు. ఆ గోలలో మాట వినబడదు కనుక చేతులతో బేరమాడతారు. అరచెయ్యి తనవైపు తిప్పితే కొంటానని, బయటికి తిప్పితే అమ్ముతానని. ఒక్కో వేలు వంద షేర్లు. కుదిరిన ధర నా మీదికి ఎక్కుతుంది. కాగితాలు సాయంత్రం రాసుకుంటారు, అంతవరకూ నోటి మాటే.

ఆ రోజు సిమెంటు షేరు నూట నలభై. పైన అద్దాల గ్యాలరీలో జగన్నాథం నిలబడి ఉన్నాడు. పెద్ద హోటల్లో వంటమనిషి. ఏళ్ళ తరబడి కూడబెట్టి కొన్న ఐదువందల షేర్లు అమ్మి సొంతంగా టిఫిన్ సెంటరు పెట్టుకోవాలని అతని ఆశ. కింద ఉన్న తన బ్రోకరు పాండురంగానికి అమ్మేయమని సైగ చేస్తున్నాడు. ఇంకా పెరుగుతుందని పాండురంగం నమ్మకం. తల పైకెత్తి, అరచెయ్యి ఎత్తి, ఆగమన్నాడు.

అరచెయ్యి బయటికి. ఐదు వేళ్ళు.

"తీస్కున్న!" అని అరిచాడు ఎదురుగా ఉన్న ఇంకో బ్రోకరు గులాబ్‌చంద్ సేట్.

"నేనేడ అమ్మిన సేట్? ఆయన్ని ఆగమన్న, గంతే!"

"చెయ్యి బయటికి తిప్పినవ్. బేరమంటే బేరమే."

అందరూ నవ్వారు. కానీ ఆ నవ్వు వెనకే గుసగుసలు మొదలయ్యాయి. కంపెనీ వాళ్ళతో తిరిగే పాండురంగమే అమ్ముతున్నాడంటే లోపల ఏదో ఉందన్నారు. ఏమీ లేదు! ఫ్యాక్టరీలో బట్టీ మండుతూనే ఉంది, లారీలు సిమెంటు మోస్తూనే ఉన్నాయి. అయినా హాలంతా అరచేతులు బయటికి తిరిగాయి. నా మీద నూట ముప్ఫై, నూట పది, తొంభై. తుడిచే గుడ్డ ఆరడం లేదు. ఒక మనిషి చెయ్యి ఎత్తినందుకు ఇంత పతనమా అని నిర్ఘాంతపోయాను.

గంట మోగింది. ధర తొంభై దగ్గర ఆగింది. జగన్నాథం గ్యాలరీ దిగి వచ్చి, చొక్కా చెమటతో తడిసి, పాండురంగం పక్కన నిలబడ్డాడు. ఆ బేరం నిలిస్తే అతని టిఫిన్ సెంటరు నిలుస్తుంది. రద్దయితే పోతుంది.

"సేట్, పొరపాటని అప్పుడే ఒప్పుకున్న కదా," అన్నాడు పాండురంగం నేలచూపులు చూస్తూ. "నువ్వు కాదంటే ఎవ్వరూ తప్పు పట్టరు."

గులాబ్‌చంద్ నా మీది తొంభైని చూశాడు. ముఖం పాలిపోయింది. "పొద్దున బేరమన్నది నేనే. ఇప్పుడు మాట తప్పితే రేపు నా చెయ్యిని ఎవరు నమ్ముతరు? నూట నలభైకే రాయండి."

నోటి మాటకు ఇంత విలువ ఇచ్చేది ఆ గోల చేసే మనుషులేనా! సేట్ మాట నన్ను ధర పతనం కంటే ఎక్కువ కుదిపింది. తర్వాతి వారం సేట్ తన స్కూటరు అమ్ముకుని నడుచుకుంటూ వచ్చాడు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. చేతులు దిగిపోయాయి, నేను పాతసామాన్ల కొట్లో పడ్డాను. అక్కడ నన్ను గుర్తుపట్టి కొనుక్కున్నది జగన్నాథమే. ఇప్పుడు అతని టిఫిన్ సెంటరు గోడ మీద ఇడ్లీ, వడ, ఉప్మా ధరలు మోస్తున్నాను. ఇడ్లీ ధర ఏడాదికోసారి కదిలితే గొప్ప.

నిన్న ఒక ముసలాయన ఇడ్లీ తిని, చెయ్యి కడుక్కుని, జేబులోంచి డబ్బు తీశాడు. గులాబ్‌చంద్ సేట్!

"మీ దగ్గర పైసలు తీస్కుంటానా సేట్? వద్దు," అన్నాడు జగన్నాథం. సేట్ వినలేదు. బోర్డు మీద ఎంతుంటే అంత ఇస్తానన్నాడు. జగన్నాథం కళ్ళు తుడుచుకుని తడిగుడ్డ పట్టుకుని నావైపు వచ్చాడు, ఇడ్లీ ధర చెరిపేద్దామని.

సేట్ అరచెయ్యి ఎత్తాడు. బయటికి. ఐదు వేళ్ళు.

మా హాల్లో అయితే అది ఐదువందల షేర్ల అమ్మకం. కానీ జగన్నాథం ఆగిపోయాడు. గుడ్డ దించి డబ్బు తీసుకున్నాడు. నా మీద ధర ఉన్నచోటే ఉంది.