పదిహేడు ప్యాంట్లు

ఆ కబురు వచ్చినప్పుడు నేను స్టూలెక్కి కర్టెన్ రాడ్డు బిగిస్తున్నాను. మా ఆయన కింద స్టూలు పట్టుకుని, "పడితే నా మీదే పడు, ఫర్వాలేదు" అని ధైర్యం చెబుతున్నాడు. ఆయన చొక్కా జేబులో ఉన్న నా ఫోన్ గుర్రుమంది.

"ఏంటో చూడు," అన్నాను.

పెదవులు కదుపుతూ చదివాడు. చదివి, స్టూలు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు.

"వచ్చేసింది! నీకు ఇంటర్న్‌షిప్ వచ్చేసింది!"

"ముందు స్టూలు పట్టుకో మహానుభావా!"

మా పెళ్లై అప్పటికి ఇరవయ్యారు రోజులు. ఆ ఇరవయ్యారు రోజుల్లో మాకు ప్రతిదీ సంబరమే. తాళంచెవికి రెండో జత చేయిస్తే సంబరం, పాలు పొంగకుండా దించితే సంబరం. కానీ ఇది నిజంగానే పెద్ద కబురు. కంప్యూటర్ కోర్సులో నాది ఆఖరి ఏడాది. ఏదో ఒక కంపెనీలో రెండు నెలలు పని చేస్తేనే డిగ్రీ చేతికిస్తారు. నా తోటివాళ్లంతా ఎప్పుడో చేరిపోయారు. పెళ్లి పనుల్లో పడి నేను వెనకబడ్డాను. ఇక మిగిలింది ఈ ఒక్క కంపెనీయే. పైగా ఆ కబురు చివర ఒక మెలిక ఉంది: మొదటి వారం చూస్తాం, ఉంచుకునేదీ లేనిదీ శుక్రవారం సాయంత్రం చెబుతాం. వద్దన్నారంటే ఏడాది గంగలో కలిసినట్టే.

అత్తయ్యకు ఫోన్ చేశాం.

"కంప్యూటర్ పనేగా, కూర్చుని చేసేదే," అంది అత్తయ్య. "మా వాడు చూడు, పోస్టాఫీసులో పార్సిళ్ల దగ్గర పొద్దస్తమానం నిలబడతాడు."

"నిజమే అత్తయ్యా, ఆయన కష్టం ముందు నాదెంత!" అన్నాను.

ఇంట్లో మేమిద్దరమే ఉంటే "నువ్వు". అత్తయ్య ఫోన్లో ఉంటే "ఆయన", "మీరు". ఈ మార్పు విన్నప్పుడల్లా మా ఆయన దిండులో మొహం దాచుకుని నవ్వుతాడు.

కూర్చుని చేసే పని సంగతి సోమవారం తొమ్మిదిన్నరకే తేలిపోయింది. ఆఫీసంటే నాలుగో అంతస్తులో ఒకటే పెద్ద గది, పదకొండు మంది. లాండ్రీ దుకాణాలకు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తారు. బట్టలు ఇస్తే రసీదు రావడం, ఇస్త్రీ అయ్యాక "మీ బట్టలు సిద్ధం" అని కస్టమర్ ఫోన్‌కు మెసేజ్ వెళ్లడం, అన్నీ అందులోనే. రోజూ పొద్దున అందరూ గుండ్రంగా నిలబడి నిన్నేం చేశారో, ఇవాళేం చేస్తారో చెప్పాలి. అది చాలాచోట్ల ఉన్నదే. ఇక్కడ మాత్రం ఒంటికాలి మీద నిలబడి చెప్పాలి. రెండో కాలు నేలకు తగిలిందా, నోరు మూసుకోవాల్సిందే.

"ఈ పద్ధతి నా చలవే," అన్నాడు బాబాయ్ గర్వంగా. "ఒకసారి నలభై నిమిషాలు మాట్లాడానులే."

బాబాయ్ నాకు చుట్టమేం కాదు. వయసు ముప్పై నాలుగు. ఆ గదిలో అందరికంటే పెద్దవాడు కాబట్టి ఆ పేరు పడిపోయింది. మేనేజర్ మేడం కూడా అలాగే పిలుస్తుంది. మేడం ఒంటికాలి మీద కొంగలా బిర్రుగా నిలబడి నాకు పని అప్పగించింది.

"బట్టలు సిద్ధమైనా మెసేజ్ రావట్లేదని కస్టమర్లు దుకాణాల వాళ్ల మీద పడుతున్నారు. వాళ్లు మన మీద పడుతున్నారు. మూడు నెలలుగా వెతుకుతున్నాం. నువ్వూ చూడు, కొత్త కళ్లు కదా."

మూడు రోజులు చూశాను. ఏడువేల వరుసల కోడ్. తప్పు దొరకలేదు గానీ కుర్చీ గిర్రున తిరుగుతుందని తెలిసింది, మెడలో వేసుకోవడానికి ఫోటో ఉన్న కార్డు ఒకటి దొరికింది. ఆ కార్డు తీయబుద్ధి కాక దానితోనే కూర తరుగుతుంటే మా ఆయన గుమ్మంలో ఆగి, "లోపలికి రావాలంటే నేనూ కార్డు చూపించాలా మేడం?" అన్నాడు.

గురువారం బాబాయ్ నాకు టెస్ట్ కాపీ తెరిచి ఇచ్చాడు. అసలు సాఫ్ట్‌వేర్‌కు అచ్చంగా అది నకలు.

"ఇందులో నువ్వేం చేసినా దుకాణాలకు తెలీదమ్మా. ఈ గడిలో రాసిన నంబరుకే మెసేజ్ వెళ్తుంది. ధైర్యంగా కానీ."

నా ఫోన్ నంబరు కొత్తది, ఇంకా నోటికి రాలేదు. మా ఆయన నంబరైతే నిశ్చితార్థం నాటి నుంచీ కంఠస్థం. అదే రాశాను. "ప్యాంటు – 1" అని కొట్టి "సిద్ధం" నొక్కాను. మెసేజ్ వెళ్తే తెర మీద పచ్చగా టిక్కు పడాలి. పడలేదు. మళ్లీ నొక్కాను. పడలేదు. పదిహేడుసార్లు నొక్కినా పడలేదు. మూడు నెలలుగా వీళ్లకు దొరకని తప్పు నాకు దొరికిందని కుర్చీలో రెండు చుట్లు తిరిగాను.

ఆరింటికల్లా ఇంటికి వచ్చే మా ఆయన ఆ రోజు ఎనిమిదైనా రాలేదు. వచ్చాక చూస్తే చెమటలు కక్కుతున్నాడు, చేతిలో పెద్ద ఖాళీ సంచి.

"నా ప్యాంట్లు పోయాయి," అన్నాడు దీనంగా.

"ఏ ప్యాంట్లు?"

"నువ్వు లాండ్రీకి ఇచ్చినవి. పదిహేడు."

"నీకున్నవే నాలుగు కదా!"

"అదే నేనూ అనుకున్నా. నాకు చెప్పకుండా కొత్తవి కుట్టించావేమోనని..." సిగ్గుపడి ఆగిపోయాడు.

ఫోన్ లాక్కుని చూశాను. వరసగా పదిహేడు మెసేజ్‌లు! టెస్ట్ కాపీ మెసేజ్‌లను పోగుచేసి సాయంత్రం ఒక్కసారే పంపుతుందట. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నకలు కాబట్టి, రెండు వీధుల అవతల నిజంగా ఉన్న ఒక దుకాణం పేరూ చిరునామాతో సహా అన్నీ వెళ్లాయి. మా ఆయన అసలే పోస్టాఫీసు మనిషి. తన పేరు మీద ఏదైనా వచ్చిందంటే వెళ్లి తెచ్చుకోకుండా ఉండలేడు.

"దుకాణం పెద్దాయన పాపం అరలన్నీ దించాడు," అన్నాడు. "నేనూ నిచ్చెనెక్కి వెతికాను. కానీ ఆయన పద్ధతేం బాలేదోయ్. సిద్ధమైన మూటలన్నీ కొక్కేలకు వేలాడుతున్నాయి, కంప్యూటర్లో మాత్రం ఒక్కటీ సిద్ధం కాలేదు."

"అదేంటి?"

"ఒక్కో బట్టకీ విడివిడిగా నొక్కాలట. చేతిలో ఇస్త్రీ పెట్టె పెట్టుకుని ఇరవైసార్లు ఎక్కడ నొక్కను నాయనా, మనిషి వచ్చినప్పుడే అన్నీ వరసగా నొక్కేస్తా అన్నాడు. నా కళ్ల ముందే ఒకావిడ బట్టలు తీసుకుని మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. మీ బట్టలు సిద్ధం అని!"

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే బుర్రలో వెలిగింది. మూడు నెలల తప్పు కోడ్‌లో లేనే లేదు. అది చెప్పాలంటే నా పదిహేడు ప్యాంట్లూ చెప్పాలి. అదీ శుక్రవారం పొద్దున.

"ప్యాంట్ల సంగతి చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?" అన్నాను, నన్ను నేనే అడుగుతున్నట్టు.

"నాకేం తెలీదు. ఆ పెద్దాయన మాత్రం రేపు పొద్దున బీరువా వెనక కూడా చూస్తానన్నాడు."

ఇక చెప్పక తప్పదు.

శుక్రవారం నా వంతు వచ్చింది. కుడికాలెత్తి మొదలుపెట్టాను. మా ఆయన నంబరు రాయడం, పదిహేడుసార్లు నొక్కడం, ఆయన సంచి పట్టుకుని వెళ్లడం, పెద్దాయన అరలు దించడం అన్నీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. మేడం మొహం చూసేసరికి తూలి కుడికాలు కాస్తా నేలకు తగిలింది. నా తప్పంతా అప్పటికే చెప్పేశాను. చెప్పాల్సిన అసలు ముక్క ఇంకా నోట్లోనే ఉంది.

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"మేడం, అమ్మాయికి ఇంకో కాలు మిగిలే ఉంది కదా."

మేడం తలూపింది. ఎడమకాలెత్తి మిగిలింది గబగబా చెప్పేశాను. కొక్కేల మూటలు, ఇస్త్రీ పెట్టె, మెట్లు దిగిన ఆవిడ.

"మనలో ఎవరైనా ఎప్పుడైనా ఆ దుకాణం మెట్లెక్కారా?" అని మేడం అందరినీ అడిగింది. పదిమందీ నేల చూపులు చూశారు. ఆమె అప్పటికప్పుడే పెద్దాయనకు ఫోన్ కలిపి నా చేతికిచ్చింది.

"క్షమించండి, ఆ ప్యాంట్లు అసలు లేవండీ, తప్పు నాదే," అన్నాను.

"లేవా? అంటే పోలేదన్నమాట! అమ్మయ్య, బతికించావు తల్లీ! నలభై ఏళ్లలో ఒక్క జేబురుమాలు పోగొట్టలేదు నేను."

సాయంత్రం అయిదింటికి మేడం నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"ఎవరి నంబరైనా రాసే ముందు వాళ్లనడగాలి. ఇంకోసారి ఇలా జరిగితే ఊరుకోను. ఆ దుకాణం పని నీదే. రెండు నెలలూ ఉండి పూర్తి చెయ్యి," అంది. ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పింది.

నేను లిఫ్టు కోసం ఆగలేదు. మెట్లు దిగుతూనే మా ఆయనకు ఫోన్ చేశాను. విషయం వినగానే పార్సిళ్ల గదిలో ఎవరో ఉలిక్కిపడేలా అరిచాడు.

"అయితే రేపు శనివారం, నీకు సెలవు! నేనూ పెట్టేస్తా. ఎక్కడికి వెళ్దాం?"

"నేను లాండ్రీకి," అన్నాను. "రేపు ఎనిమిదింటికి మేడం, బాబాయ్, నేను ఆ పెద్దాయన కౌంటర్ వెనక నిలబడతాం. సాయంత్రం దాకా వచ్చిన బట్టలన్నీ మేమే తీసుకుని, మేమే నొక్కుతాం. అప్పుడు గానీ మా సాఫ్ట్‌వేర్‌తో ఆయన పడే కష్టం మాకు తెలీదట."

అరుపు ఆపి లెక్కలోకి దిగాడు.

"సరే, ఒంటిగంటకి క్యారేజీ నేను తెస్తా. ఎంతమందికి?"

"పెద్దాయనతో కలిపి అయిదుగురికి," అన్నాను. "నువ్వూ మాతోనే తినాలి."