హెడ్మిస్ట్రెస్ గారి ఇన్‌స్పెక్షన్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందుకే మా మేడమ్ నన్ను ఆఫీసులో కూర్చోబెట్టకుండా ఇల్లిల్లూ తిరిగే పని అప్పగించారని మా ఆయన అంటాడు. మేడమ్ అంటే ప్రొఫెసర్, నేను ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్నాను. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకు రోజూ ఒక సహాయకురాలు వెళ్లి స్నానం చేయించి, మందులిచ్చి, ఇంత తిండి పెట్టి వస్తుంది. ఇంటికి నలభై అయిదు నిమిషాలు. అంతసేపు అక్కర్లేదేమోనని ఈ పథకం నడిపే సంక్షేమ శాఖవాళ్లకు అనుమానం. నిజంగా ఎంతసేపు పడుతుందో మేం లెక్క తేల్చి చెప్పాలి. తక్కువని తేలితే కోసేస్తారు.

నేను వెంట తిరగాల్సిన సహాయకురాలిని అందరూ స్కూటరమ్మ అంటారు. ఆ స్కూటరు సందు మలుపులో ఉండగానే ఆమె వెళ్లే తొమ్మిది ఇళ్లలో లేవగలిగినవాళ్లంతా తలుపు గడియలు తీసేస్తారట. వారానికి రెండు రోజులు నేనూ ఆమె వెనక సీటు మీద ఎక్కేదాన్ని. చేతిలో అట్ట, అట్టకి ఫారం, మెళ్లో స్టాప్‌వాచ్. పరిశోధన నియమం ప్రకారం మూల కుర్చీలో కూర్చోవాలి, చెయ్యి సాయం చెయ్యకూడదు, నోరు విప్పకూడదు. నాలాంటి మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఉండదు.

అయితే అంకెలు మాత్రం చూడముచ్చటగా వచ్చాయి. నాలుగు వారాలూ ఏ ఇంటికి వెళ్లినా పెద్దవాళ్లు స్నానం చేసి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని కూర్చుని ఉండేవాళ్లు. మందుల డబ్బా బల్ల మీద, పక్కనే మంచినీళ్ల గ్లాసు. స్కూటరమ్మ నావైపోసారి, వాళ్లవైపోసారి చూసి, ఏదో చెప్పబోయి మింగేసేది. సగటున ఇంటికి ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అందరికన్నా తక్కువ ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారిది. తలుపు ఆవిడే తీసి, మాత్రలు మింగి, పదకొండో నిమిషంలో మమ్మల్ని సాగనంపేసేది. నేను మేడమ్‌కి లెక్క పంపించి, ఆవిడ మెచ్చుకుంటే ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఇంక పది రోజుల్లో తుది రిపోర్టు ఇవ్వాలి.

ఆ గురువారం స్కూటరు పంక్చరైంది. "మీరు టైలర్ తాతగారింటి దగ్గరుండండి అమ్మా, నేనొచ్చేస్తా" అని స్కూటరమ్మ ఫోన్ చేసింది. నేను బస్సెక్కి అరగంట ముందే అక్కడికి చేరాను. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు వినిపిస్తోంది.

"తాతగారూ!" అని పిలిచాను.

చప్పుడు ఆగింది. "ఎవరూ?"

"పరిశోధన అమ్మాయినండీ."

"అయ్యో, అప్పుడే వచ్చేశావా! ఇంకా ఎనిమిదిన్నరేగా!" ఆ గొంతులో కంగారు విని నేను గబగబా లోపలికి వెళ్లాను.

స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద ఆయన పొట్టి లాగుతో కూర్చుని ఉన్నాడు. తలనిండా సబ్బు, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులతో కుళాయిని పట్టుకుని వేలాడుతున్నాడు. నేలంతా నురగ, తువ్వాలు జారి అందనంత దూరంలో పడి ఉంది. ఆ కుళాయి వదిలితే మనిషి పడిపోతాడు. వదలకపోతే సబ్బు కడుక్కోలేడు. ఎంతసేపటినుంచి అలా ఉన్నాడో అడిగితే చెప్పలేదు.

నియమాలు గంగలో కలిశాయి, నా ఫారం బకెట్లో కలిసింది. సబ్బు కడిగి, తువ్వాలు చుట్టి, నడుం పట్టుకుని మంచం దాకా నడిపించాను. ఆయన వణుకుతూ నా చెయ్యి పట్టుకుని, "హెడ్మిస్ట్రెస్ గారికి చెప్పకమ్మా. ప్రాక్టీసులో బాగానే చేశాను" అన్నాడు.

"ప్రాక్టీసేమిటండీ?"

చెప్పక తప్పలేదు ఆయనకి. నేను వచ్చే ముందురోజు సాయంత్రం హెడ్మిస్ట్రెస్ గారు తొమ్మిది ఇళ్లకూ ఫోన్ చేసి, రేపు ఇన్‌స్పెక్షన్ అని చెబుతుందట. ఎవరెవరు ఎన్నింటికి లేవాలో, ఎన్నింటికి స్నానం ముగించాలో అన్నీ ఆవిడే నిర్ణయిస్తుందట. స్కూటరమ్మ చేతికి పని మిగలకూడదు. అప్పుడే ఆమె చురుకైనదని పైవాళ్లకు తెలుస్తుంది, కాంట్రాక్టు ఉద్యోగం నిలుస్తుంది. ఇదీ తొమ్మిదిమందీ కలిసి పన్నిన పన్నాగం.

"మామూలు రోజుల్లో గుండీలకే పది నిమిషాలు పడుతుంది నాకు" అన్నాడు టైలర్ తాతగారు, చొక్కా అంచు తడుముతూ. "నలభై ఏళ్లు ఊరందరికీ గుండీలు కుట్టినవాణ్ణి, నా గుండీ నాకు దొరకదు. మన స్కూటరమ్మ పెట్టొచ్చు, పెట్టదు. వాళ్లమ్మాయికి బళ్లో లెక్కలు చెప్పే టీచరు గురించి కబుర్లు చెబుతూ కూర్చుంటుంది, నేను పెట్టుకునేదాకా."

అప్పుడే స్కూటరమ్మ వచ్చింది. నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. "నాలుగు వారాలుగా నోట్లో ఏం పెట్టుకున్నావు నువ్వు?"

"నేను చెబితే మీరు నమ్ముతారా అమ్మా?" అందామె, తడిసిన నేల తుడుస్తూ. "టైం కోసం అబద్ధమాడుతున్నాననుకోరూ? వద్దు మొర్రో అని వీళ్లతో మొత్తుకున్నాను. వింటేగా! పెద్దావిడ మాటంటే వీళ్లకి అంత భయం."

నిజమే, నేను నమ్మి ఉండేదాన్ని కాదు. రెండు వీధులు దాటి నేరుగా హెడ్మిస్ట్రెస్ గారింటికి వెళ్లి, గుమ్మంలోనే కేకలు మొదలుపెట్టాను. "ఇవాళ టైలర్ గారు పడిపోయుంటే ఏమయ్యేది? మీరు బాధ్యత తీసుకునేవారా?"

"కూర్చో" అందావిడ. నేను కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో నాకే తెలియదు.

"ఆయనకేమైనా దెబ్బ తగిలిందా?" ఆ అడగడంలో మాత్రం హెడ్మిస్ట్రెస్ లేదు, భయపడిన ముసలావిడ ఉంది. లేదన్నాను. ఆవిడ ఊపిరి తీసుకుని చెప్పింది. "ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు టీచరు పరువు పిల్లల చేతుల్లో ఉంటుంది. ముప్పై నాలుగేళ్లలో మా టీచర్లలో ఒక్కరికీ మాట రానివ్వలేదు నేను. ఈ పిల్లకి రానిస్తానా?"

"నేను ఇన్‌స్పెక్టర్ని కానండీ!"

"చేతిలో అట్ట, మెళ్లో గడియారం. మూల కూర్చుంటావు, పలకరిస్తే పలకవు. మరి నిన్నేమనుకోమంటావు?"

గూబ మీద కొట్టినట్టయింది. మొదటి రోజు అంగీకార పత్రం అందరికీ నేనే చదివి వినిపించాను. రైలు తప్పిపోతుందన్నట్టు చదివాను. అర్థమైందా అని ఒక్కరినీ అడగలేదు. సంతకాలు పెట్టించుకుని వచ్చేశాను. అంకెలు అంత నున్నగా ఎలా వస్తున్నాయని నాలుగు వారాల్లో ఒక్కసారి అనుమానపడినా ఇంతదాకా వచ్చేది కాదు.

"మీరంతా తొందరగా చేసి చూపించారు" అన్నాను, ఈసారి నెమ్మదిగా. "ఇరవై రెండు నిమిషాలు చాలని నేను రాశాను. ఇలాగే పోతే ఇంక ఇంటికి పాతిక నిమిషాలే ఇస్తారు. గుండీల కోసం కూర్చోవడానికి ఆమెకి టైముండదు."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మంచి మార్కులు వేయిస్తున్నామనుకున్నాం దానికి" అంది.

మేడమ్ దగ్గరికి భయపడుతూనే వెళ్లాను. నా ఉద్యోగం కూడా కాంట్రాక్టుదే మరి. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. మేడమ్ తల పట్టుకున్నారు. "నాలుగు వారాల డేటా!" అన్నారు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆమె పని పోకుండా చూడాలని ఈ వయసులో పొద్దున్నే లేచి చన్నీళ్లు పోసుకున్నారా వాళ్లు?" అని అడిగారు. అవునన్నాను. "ఆ మాట రిపోర్టులో రాయి. మిగతాది మళ్లీ మొదలుపెట్టు" అని, శాఖవాళ్లతో పోట్లాడి రెండు వారాలు గడువు తెచ్చారు.

మళ్లీ అంగీకార పత్రం పట్టుకుని తొమ్మిది ఇళ్లకూ వెళ్లాను. ఈసారి వాళ్ల పక్కన కూర్చుని, ఒక్కో ముక్కా విడమరిచి చెప్పాను. హెడ్మిస్ట్రెస్ గారు నా ఎదురుగానే అందరికీ ఫోన్ చేసింది. "రేపు ఇన్‌స్పెక్షన్ లేదు. ఎవరైనా ముందే తయారై కూర్చున్నారో, ఊరుకోను!" తయారవకపోవడానికి కూడా ఆజ్ఞే.

టైలర్ తాతగారింట్లో యాభై ఒక్క నిమిషాలు పట్టింది. స్కూటరమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెబుతుంటే ఆయన అయిదు గుండీలూ తనే పెట్టుకున్నాడు. ఆ పది నిమిషాలు ఏ పని కింద రాయాలో నా ఫారంలో లేదు. 'ఆగడం' అని కొత్త గడి గీశాను.

అందరికన్నా చివరగా, ఇంకోరోజు పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గారింటికి వెళ్లాం. తలుపు ఆవిడ తియ్యలేదు, స్కూటరమ్మే తన తాళంచెవితో తీసింది. పడగ్గదిలోకి నేను వెళ్లడం అదే మొదటిసారి. ఆవిడ మంచం మీద నలిగిన రాత్రి బట్టల్లో ఉంది. పళ్ల సెట్టు గిన్నెలో ఉంది. నెరిసిన జుట్టు చిక్కులుపడి మొహం మీద పడుతుంటే ఎడమ చేత్తో తోసుకుంటోంది. కుడి చెయ్యి భుజం దాటి లేవదు. ఆ చేత్తో మాకు పదకొండు నిమిషాలు చూపించడానికి ఎన్ని గంటల ముందు లేచిందో!

నేను అలవాటు కొద్దీ మూల కుర్చీ వైపు నడిచాను.

"అక్కడొద్దు" అంది. పళ్లు లేక మాట చప్పగా వచ్చింది, అయినా అధికారం తగ్గలేదు. "అక్కణ్ణుంచి కనపడదు. ఇటొచ్చి మంచం పక్కన కూర్చో."

కూర్చున్నాను. లేవదియ్యడం, స్నానం, చిక్కు తియ్యడం, బట్టలు, పళ్లు, మాత్రలు అన్నీ అయ్యాయి. మధ్యలో రెండుసార్లు ఆవిడ కళ్లు మూసుకుంది, కానీ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. స్కూటరమ్మ జడ కొస ముడివేసి వెనక్కి జరిగాక, "ఎంతైంది?" అని నన్నడిగింది.

"యాభై తొమ్మిది నిమిషాలండీ."

"అందరిలోకీ నాదే ఎక్కువా?"

అబద్ధమాడదామనిపించింది. ఆడలేదు. "మీదేనండీ."

ఆవిడ అద్దంలోకి చూసుకుంది. బడిలో మార్కుల వరుసలో పిల్లల పేర్లు నోటీసు బోర్డు మీద అతికించేటప్పుడు అలాగే ఆలోచించి ఉంటుంది.

"అయితే నాది అందరికన్నా పైన రాయి" అంది.

రిపోర్టులో మొదటి ఇల్లు ఆవిడదే. శాఖవాళ్లు ఒక్క నిమిషం కూడా కొయ్యలేదు. స్నానం కోసమని ఇంటికి ఇంకో పదిహేను నిమిషాలు కలిపారు.