బ్రేకు మీదే ఉంది నా కాలు

ఆస్పత్రిలో అందరూ ఆమెను నడక మేడం అనేవారు. ఆపరేషనైన మోకాళ్ళనూ, పక్షవాతం వచ్చిన కాళ్ళనూ మళ్ళీ నేల మీద నిలబెట్టి అడుగులు వేయించడం ఆమె ఉద్యోగం. అరవై దాటినా గొంతు తగ్గలేదు. "ఎత్తండి, మీ కాలే కదా, పక్కింటివాళ్ళది కాదుగా!" అని ఆమె గదమాయిస్తే, మంచం దిగనని మొండికేసినవాళ్ళు కూడా నవ్వుకుంటూ దిగేవారు.

ఓ సాయంత్రం అలాంటి మనిషి నడుపుతున్న కారు కళ్ళజోళ్ళ షాపులోకి దూసుకుపోయింది.

భర్తను పక్కన కూర్చోబెట్టుకుని వచ్చింది. షాపు ముందు ఖాళీ చూసి మెల్లగా కారు ఆపబోతుండగా ఇంజను ఒక్కసారిగా హోరెత్తింది. బ్రేకు తొక్కింది. మళ్ళీ తొక్కింది. పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. కారు మెట్లెక్కి, అద్దం బద్దలు కొట్టి, బీరువాలను తోసుకుంటూ వెళ్ళి లోపలి గోడకు గుద్దుకుంది. అదృష్టం బాగుండి షాపు యజమాని అప్పుడే వెనక గదిలోకి వెళ్ళాడు. ఆమెకు ఒళ్ళంతా గీరుకుపోవడం తప్ప ఇంకేం కాలేదు. భర్తకు మాత్రం భుజం ఎముక విరిగింది.

ఆయన లెక్కల లెక్చరరుగా రిటైరయిన మనిషి. ఆస్పత్రి మంచం మీద భుజానికి కట్టుతో పడుకుని, పైకప్పు వైపు చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"పోనీ, కంగారులో ఒక పెడల్ అనుకుని ఇంకోటి తొక్కావేమో?"

"ఏవండీ, మీరు కూడానా?"

"తప్పు పట్టడం లేదు. ఎవరికైనా జరుగుతుంది కదా అని..."

"నాకు జరగలేదు. నేను బ్రేకే తొక్కాను."

ట్రాఫిక్ అధికారి అజాగ్రత్తగా నడిపిందని కేసు రాసి, లైసెన్సు తీసుకున్నాడు. చూడటానికి వచ్చిన ఆడపడుచు కాఫీ తాగుతూ, "ఇంక చాల్లే వదినా, హాయిగా ఆటోల్లో తిరుగు" అంది. అందరూ ఎంత మెత్తగా మాట్లాడితే ఆమెకు అంత ఒళ్ళు మండింది.

కొద్దిరోజులకు కారు కంపెనీ ప్రతినిధి ఇంటికి వచ్చాడు. నీట్‌గా టక్ చేసుకుని, సోఫా అంచున కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు.

"కార్లో ఒక చిన్న పెట్టె ఉంటుంది మేడం. గుద్దుకునే ముందు అయిదు సెకన్లు ఏం జరిగిందో అది దాచిపెడుతుంది. ఇదిగో, యాక్సిలరేటర్ నూటికి నూరు. బ్రేకు, ఆఫ్. మొదటినుంచి చివరిదాకా ఆఫ్."

భర్త ముందుకు వంగి అంకెలు చూశాడు. చూసి వెనక్కి వాలాడు. ఆ వాలడం ఆమె గుండెకు గుచ్చుకుంది.

"ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు మేడం," అన్నాడు ప్రతినిధి. "ఈ వయసులో..."

"నా వయసు సంగతి తర్వాత చూద్దాం. ఆ పెట్టె నా కాలిని చూసిందా?"

"చూడటం అంటే... సెన్సర్లు ఏం చెప్తే అది రాసుకుంటుంది."

"అంటే అది చెప్పుడు మాటలు విన్నదన్నమాట. నేనైతే అక్కడే ఉన్నాను. కారు తుక్కుకి ఇవ్వను. ఒక్క నట్టు కూడా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు. మీరిక బయల్దేరండి."

ప్రతినిధి వెళ్ళగానే ఫోన్ అందుకుంది. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, ప్రమాదాలను పరిశోధించే ఒక ఇంజనీరును పట్టుకుంది. ముప్పై ఏళ్ళ అమ్మాయి. చేతులకు గ్రీజు, జేబులో టార్చి. నడక మేడం చెప్పిందంతా మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా వింది.

"మీరు చెప్పింది నిజమని ఇప్పుడే అనలేను మేడం. అబద్ధమనీ అనను," అంది. "ఆ పెట్టెతో సంబంధం లేని సాక్షి ఎవరైనా కావాలి. బ్రేకు నొక్కితే వెనక లైట్లు వెలుగుతాయి కదా. వాటిని చూసినవాళ్ళున్నారా?"

మర్నాడే నడక మేడం ఆ వీధిలో దిగింది. కళ్ళజోళ్ళ షాపు కెమెరా గోడతో పాటే కూలిపోయింది. బేకరీ కెమెరా గల్లాపెట్టెను తప్ప ఇంకేం చూడదు. మందుల షాపువాడు రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళ్తే మళ్ళీ రేపన్నాడు. ఎదురుగా ఉన్న లాండ్రీ ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"మా కెమెరా బట్టలు ఎత్తుకుపోయేవాళ్ళ కోసమండీ. మీ కారు దాంట్లో ఎందుకు పడుతుంది?"

"పడిందో లేదో చూస్తే పోలా?"

"చూపించకపోతే మీరు కదిలేలా లేరు. రండి, లోపలికి రండి."

వేలాడుతున్న చొక్కాల సందులోంచి, తెర మూలన, కారు వెనకభాగం కనిపించింది. ఆగబోయింది. ఒక్క ఉదుటున ముందుకు దూకింది. మెట్లెక్కుతున్నప్పుడూ, అద్దం పగిలినప్పుడూ వెనక ఎర్రలైట్లు భగభగమని వెలుగుతూనే ఉన్నాయి.

లాండ్రీ ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. నడక మేడం ఏడవలేదు. కుర్చీ దగ్గరగా లాక్కుంది.

"ఇంకోసారి వెయ్యమ్మా," అంది.

ఆ వీడియో చేతికి రాగానే ఇంజనీరు కంపెనీవాళ్ళను కారు ఉంచిన షెడ్డుకు పిలిపించింది. భర్త కూడా వచ్చాడు, చెయ్యి మెడకు కట్టుకుని. బ్రేకు పెడల్ వెనకుండే స్విచ్చిని ఇంజనీరు విప్పి బల్ల మీద పెట్టింది. దాన్నుంచి రెండు దారులు. ఒకటి లైట్లకు, ఇంకోటి కారు కంప్యూటరుకు. లైట్ల దారి బాగానే ఉంది. కంప్యూటరు దారి లోపల విరిగిపోయింది. అందుకే నడక మేడం ఎంత తొక్కినా కంప్యూటరుకు తెలియలేదు, అది ఇంజను జోరు తగ్గించలేదు, పెట్టె "ఆఫ్" అని రాసుకుంది. ఇంజను అంత జోరులో ఉంటే బ్రేకుకి దాన్నుంచి అందే సాయం ఆగిపోతుంది, పెడల్ రాయిలా బిగుసుకుపోయింది అందుకే.

"సరే, బ్రేకు అనుకుందాం," అన్నాడు ప్రతినిధి. "మరి యాక్సిలరేటర్ మాటేమిటి?"

ఇంజనీరు యాక్సిలరేటర్ పెడల్‌ను కూడా విప్పి బల్ల మీద పెట్టి, దాని తీగలు కలిసే ప్లగ్గు ఊడదీసి చూపించింది. లోపలంతా పచ్చటి చిలుము. ఏసీ నీళ్ళు ఎన్నాళ్ళనుంచో అందులోకి కారుతున్నాయి. ప్లగ్గును మళ్ళీ బిగించి, పెడల్ ఎంత నొక్కారో చూపే మీటరుకు కలిపి, దాని మీద కాసిని నీళ్ళు చిలకరించింది. మీటరు మీద సున్నా. కాసేపు సున్నాయే. చటుక్కున అంకె నూరుకు ఎగబాకి అక్కడే నిలిచిపోయింది.

పెడల్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అది బల్ల మీద ఒంటరిగా పడి ఉంది.

"ప్రమాదం జరిగిన రోజు ఇలాగే జరిగిందని చెప్పలేం," అని గొణిగాడు ప్రతినిధి.

"జరగలేదనీ ఇకమీదట చెప్పలేరు," అంది ఇంజనీరు.

ఇంటికి వెళ్ళే దారిలో, ఆటోలో, భర్త గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు చెప్పినప్పుడే నమ్మాల్సింది."

"అవును," అంది ఆమె. "నమ్మాల్సింది."

పర్వాలేదు అనలేదు. ఆయన కూడా అనమని అడగలేదు. ఆటో గతుకుల్లో ఎగిరినప్పుడు మాత్రం ఆయన భుజం అదరకుండా చెయ్యి అడ్డం పెట్టింది.

కేసు కొట్టేశారు. లైసెన్సు తిరిగొచ్చింది. దాని వెనకాలే ప్రతినిధి మళ్ళీ వచ్చాడు. ఈసారి సోఫాలో వెనక్కి జారబడి కూర్చున్నాడు. కంపెనీ కొత్త కారు ఇస్తుంది. ఈ విషయం ఎక్కడా మాట్లాడనని ఆమె సంతకం పెడితే చాలు.

"ఇదే కారు ఇంకా ఎంతమంది నడుపుతున్నారు?" అని అడిగింది.

"అది... చాలామంది మేడం."

"వాళ్ళకి చెప్తారా?"

"అది పైవాళ్ళు నిర్ణయించాలి."

"అయితే పైవాళ్ళు నిర్ణయించేలోపు నేను చెప్పుకుంటూ ఉంటాను. మీ కొత్త కారు మీరే తొక్కుకోండి."

వంటింట్లోంచి భర్త పకపకా నవ్విన చప్పుడు వినిపించింది.

ఆమె రవాణా శాఖకు వీడియో ఇచ్చింది. పత్రికలవాళ్ళకు ఇచ్చింది. చివరికి "ముందుజాగ్రత్తగా" అంటూ కంపెనీ ఆ మోడల్ కార్లన్నిటికీ ఆ ప్లగ్గూ, స్విచ్చీ ఉచితంగా మారుస్తామని ప్రకటించింది. తప్పు మాది అని మాత్రం ఎక్కడా అనలేదు. ఇంజనీరు ఫోన్ చేసి చెప్తే నడక మేడం, "అనిపిస్తాం ఉండు" అంది.

పత్రికలో ఆమె ఫోటో వచ్చిన వారమే ఎవరో ఒకావిడ ఫోన్ చేసింది. ఆవిడ కారు ప్రహరీగోడను గుద్దింది. కొడుకు తాళాలు లాక్కుని, కారు తుక్కు కింద అమ్మడానికి మనిషిని పిలిచాడు.

"నేను బ్రేకే తొక్కానండీ. ఇంట్లో ఒక్కరూ నమ్మడం లేదు."

"నేను నమ్ముతున్నాను. ఆ మనిషిని గేటు దాటనివ్వకండి. అవసరమైతే కారుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చోండి. నేను వస్తున్నా."

ఫోన్ పెట్టేసి ఇంజనీరు నంబరు నొక్కింది. ఆమె చెప్పులు వేసుకునేలోపే భర్త తలుపు తీసి, బయట ఆమె నడపడానికి తీసుకున్న అద్దెకారులో, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంటున్నాడు.