కొరికి చూసే పన్ను

"ఓ పన్నే కదేటే, పీకించీ. దానికోసం కొట్టు మూసుకుని కూకుంటావేటి?" అన్నాడు మా బావ గురునాథరావు. నేను ఒక చేత్తో చెంప పట్టుకుని పప్పు ఏరుతున్నాను. మేనత్త కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా ఆయన్ని బావా అనే పిలుస్తాను.

అది ఎనభై మూడో సంవత్సరం. పూర్ణా మార్కెట్ వెనక సందులో మాది బియ్యం, పప్పుల కొట్టు. గల్లాపెట్టె దగ్గర ఆయన కూర్చుంటాడు. బస్తాలు దిగినప్పుడు మాత్రం వంటింట్లో ఉన్న నన్ను కేకేస్తాడు. నేను వచ్చి, బస్తాలోంచి గింజ తీసి, దవడ పంటి కింద పెట్టి కొరుకుతాను. టక్కున విరిగితే బాగా ఆరిన సరుకు. మెత్తగా నలిగితే చెమ్మ ఉన్నట్టు, నిలవుంచితే పురుగు పడుతుంది. నేను తల ఊపితే బేరం, లేకపోతే బస్తాలు వెనక్కి. బజార్లో మాత్రం "గురునాథరావు కొన్నాడంటే సరుకు మంచిదే" అనేవారు.

అంతకు రెండేళ్ల కిందట ఎడమవైపు దవడ పన్ను పోయింది. అది సలిపినప్పుడు మా అత్త జోగమ్మ, "పంటినొప్పికి డాక్టరేటే? అడ్డపొగ ఎట్టు, సచ్చూరుకుంటాది" అని చుట్ట ముట్టించి ఇచ్చింది. నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని పీల్చాను. అంగిలి కాలింది, నొప్పి మొద్దుబారింది. లోపల పన్ను పుచ్చుతూనే ఉంది. చెంప వాచిపోయాక బావ నన్ను మహారాణిపేటలో పళ్ల డాక్టరు కృపాకర్ గారి దగ్గరికి తీసుకెళ్లాడు. నోట్లో దూదితో కుర్చీలో నేను, తలుపవతల వాళ్లిద్దరూ. కాసేపు మాట్లాడుకున్నాక డాక్టరు గారు వచ్చి పీకేశారు. ఇక వేరే దారి లేదు కాబోలు అనుకున్నాను.

ఇప్పుడు కుడివైపు. గింజ కొరకడానికి మిగిలింది అదొక్కటే. ఆ రోజు కొట్లో బేరాలు ఎక్కువగా ఉండడంతో బావ కొట్టు వదల్లేదు, నేనొక్కదాన్నే వెళ్లాను.

"ఈ పన్ను నిలబెట్టొచ్చమ్మా" అన్నారు డాక్టరు గారు. "రూట్ కెనాల్ అంటారు. కుళ్లిన నరం తీసి, వేరు శుభ్రం చేసి, మందు నింపి, పైన క్యాపు వేస్తాను. నాలుగైదుసార్లు పొద్దున్నే రావాలి. పీకడమైతే ఇవాళే అయిపోతుంది. తర్వాత కట్టుడు పన్ను పెట్టించుకోవచ్చు."

"కట్టుడు పంటితో బియ్యం కొరికితే సెమ్మ తెలుస్తాదా బాబూ?"

ఆయన నవ్వారు. "అన్నం నమలడానికి పనికొస్తుంది. సొంత పంటికి తెలిసినట్టు దానికి తెలీదు."

"మరి ఎడమేపు దానికి అప్పుడీ వైద్యం లేదా?"

"ఎందుకు లేదు? మీవారికి చెప్పాను కదా. అన్నిసార్లు రావడం కుదరదు, పీకెయ్యమన్నారు. మీకు చెప్పలేదా?"

తడిసిన బస్తా అంటగట్టి పోయినవాళ్లు నాకు కొత్తకాదు. వాళ్లు కూడా నా కళ్లముందే తూచారు. ఇక్కడ సరుకు నా నోట్లో ఉంది, బేరం తలుపు బయట జరిగిపోయింది. బావ చెడ్డవాడా అంటే కాదు. చిమ్మడం, కొట్టు తియ్యడం, గింజ చూడడం, టిఫిను పెట్టడం, ఇవన్నీ లేని పొద్దులు లెక్కేసుకున్నాడు, పన్ను చవకనిపించింది. స్కూటరు మీంచి పడి ఆయన ముందుపన్ను విరిగినప్పుడు మాత్రం నెల్లాళ్లు తిరిగి క్యాపు వేయించుకున్నాడు. ఆ పొద్దులన్నీ కొట్టు నేనొక్కదాన్నే నడిపాను. దాన్నెవరూ నష్టం అనలేదు. నేనూ అనలేదు.

మందు పెట్టించుకుని ఇంటికొచ్చాను.

"పీకీశాడా?" అన్నాడు బావ.

"లేదు. పొద్దున్నే ఎల్లాలి, నాలుగైదుసార్లు."

"బస్తాలెవులు సూత్తారు?"

"నువ్వు కొరుకు."

"మగోడు నోట్లో గింజెట్టుకుని కూకుంటాడేటే?" అంది అత్త లోపల్నుంచి.

"ఎడమేపు పన్ను నిలుస్తాదని డాక్టరు నీకు సెప్పాడంట" అన్నాను బావతో.

ఆయన కాసేపు త్రాసు గొలుసు సవరించాడు. "నీకు సెప్పినా ఏటనుందువు? కొట్టు పాడవద్ది, పీకించీమనే అందువు."

నిజమే. అప్పటి నేను అలాగే అనేదాన్ని.

"అందును గావాల బావా" అన్నాను. "కానీ ఆ మాట అనాల్సింది నాను."

మర్నాడు కొట్లు తెరిచే వేళకి నేను బస్సెక్కాను. మా తలుపులు తెరుచుకున్నాయో లేదో వెనక్కి తిరిగి చూడలేదు.