అల్లాబక్షు గారి సర్టిఫికెట్

పొద్దున్నే గిలకలదిండి రేవులో వేటకెళ్లిన పడవలు ఒడ్డుకి చేరగానే ఆడవాళ్లు ముందు చేపల వంక చూడరు. కొంగు బొడ్లో దోపుకుని పడవ అంచుల వెంట చింతచిగురు కోసుకుంటారు. అల్లాబక్షు చేసిన పడవైతేనే లెండి. టేకుతో చేసినా, మద్దితో చేసినా, ఓ వాన తగిలిందంటే అతని పడవకి వేసేది చింతచిగురే. ఎండురొయ్యలేసి వండితే ఆ రుచి చెట్టు చిగురుకి రాదని బందరులో అందరూ ఒప్పుకుంటారు. సముద్రం మీద తిరిగొచ్చిన చిగురు కదా, కూరలో ఉప్పు కాస్త తగ్గించుకోవాలి, అంతే.

పెళ్లి కాకముందు నుంచీ అల్లాబక్షు దైవాధీనం గారి పడవల షెడ్డులో వడ్రంగి. ఇప్పుడు చెక్క పడవ చేయించుకునేవాళ్లేరీ? కృత్తివెన్ను నుంచి నాగాయలంక దాకా అందరికీ ఫైబర్ పడవే కావాలి. తేలిక, పుచ్చదు, ఏటేటా తారు పుయ్యక్కర్లేదు. తోటి వడ్రంగులు తలుపులూ కిటికీల పనికి మళ్లారు. అల్లాబక్షూ ప్రయత్నించాడు పాపం. గుడివాడలో ఓ అపార్ట్‌మెంటుకి తలుపులు బిగించి వచ్చాడు. తొలకరికి అవి గుబురుగా చిగిర్చి మూసుకోవడం మానేశాయి, బాత్రూం తలుపుతో సహా. ఆ ఇంటివాళ్లు మర్యాదస్తులు గనక ఫోన్ చేసి మర్యాదగానే తిట్టారు.

అందుకని దైవాధీనం గారు షెడ్డులో ఫైబర్ పని మొదలుపెట్టి, నేర్పడానికి సుప్రియని తీసుకొచ్చేసరికి, అల్లాబక్షుకి అదొక్కటే దారి మిగిలింది. సుప్రియది అవనిగడ్డ. పాలిటెక్నిక్ చదివి, కాకినాడలో ఫైబర్ పడవల పని చేసి వచ్చింది. అల్లాబక్షు కూతురికంటే చిన్నది. మొదటిరోజు ఆ పిల్ల ముందు అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యో, కూర్చోండి బాబాయ్," అంది.

"నేర్చుకునేవాణ్ణి కదమ్మా, నిలబడతాలే," అన్నాడు.

యాభై దాటిన పనివాడు, రేవంతా పేరున్నవాడు, ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. చెప్పడం తేలికే. నాకైతే అంత గుండె లేదు.

గుండె ఉంటే సరిపోతుందా, ఫైబర్ పడవకి పూసే రెజిన్ అనే జిగురు అతని మాట వినలేదు. బకెట్‌లో రెజిన్ పోసి, అది గట్టిపడటానికి హార్డనర్ కలపాలి. కొలత ప్రకారం కలపమని సుప్రియ చెప్పింది. కానీ వడ్రంగి చెయ్యి ఊరుకుంటుందా? ఇంకాస్త పోస్తే జిగురు ఇంకాస్త గట్టిగా పడుతుందనుకుని ధారగా పోశాడు. నిమిషాల్లో బకెట్ వేడెక్కి, పొగలు కక్కి, కలుపుతున్న కర్రతో సహా రాయిలా బిగుసుకుపోయింది. కర్ర మధ్యలో నిటారుగా నిలబడిపోయింది.

షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆ బకెట్‌కి అల్లాబక్షు గారి సర్టిఫికెట్ అని పేరు పెట్టి, అందరికీ కనపడేలా గుమ్మం బయట పెట్టారు. అతనూ నవ్వాడు. ఇంటికెళ్లి అన్నం తినలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. గ్లౌజులు వేసుకుంటే చేతికి పని తెలియదని తీసి పారేశాడు. ఒట్టి చేతులతోనే గాజుపీచు పరిచి, రెజిన్ పూసి, పళ్లెమంత ముక్క ఒకటి చేశాడు. బాగానే కుదిరింది. మర్నాడు చిన్న జల్లు పడగానే దానికి చిగురేసింది. చిగురు పొడుచుకొచ్చిన చోటల్లా ముక్క నిలువునా పగిలింది.

దైవాధీనం గారు ఆ ముక్కని ఎత్తి చూశారు. పగుళ్లలోంచి ఆకాశం కనపడింది.

"అల్లాబక్షూ, చెక్కకి చిగురేస్తే కూర. దీనికి చిగురేస్తే చిల్లు. నడిసముద్రంలో మనుషుల ప్రాణాలయ్యా." గొంతు తగ్గించారు. "కృత్తివెన్ను వాళ్ల పడవ నీ చేతికే ఇస్తున్నాను. వాన పడ్డాక దాని మీద ఒక్క ఆకు కనపడినా నిన్ను ఉంచుకోలేను. నాకేమన్నా సరదానా?"

ఇంటిదగ్గర భార్య లతీఫా దురద పెట్టిన అతని చేతులకి కొబ్బరినూనె రాస్తూ ఇదంతా విన్నది.

"గ్లౌజులు వేసుకోవచ్చుగా?"

"వేసుకుంటే అది నా పనెలా అవుతుంది?"

"నేను వంటకెళ్లే క్యాటరింగులో నన్నూ వేసుకోమన్నారు. నేనూ ఇట్టాగే ఏడ్చాను. వేసుకున్నాను. పరోటా పరోటాలాగే వచ్చింది," అంది.



మర్నాటి నుంచి అల్లాబక్షు గ్లౌజులు తియ్యలేదు. కళ్లతో నేర్చుకున్నాడు, చెవులతో నేర్చుకున్నాడు. పీచు పొరలో గాలి బుడగ ఉంటే పైన దొర్లించే రోలర్ చప్పుడు మారుతుందని సుప్రియ చెబితే, పక్కన రేడియో కట్టేయించి మరీ విన్నాడు. అర్థం కానిది మళ్లీ అడిగేవాడు. మళ్లీ అర్థం కాకపోతే మళ్లీ అడిగేవాడు. "ఈయనకి చెప్పీ చెప్పీ నాకు బాగా వచ్చేసింది," అనేది సుప్రియ. మధ్యాహ్నం మాత్రం గుమ్మం బయటికొచ్చి, గ్లౌజులు తీసి ఆ బకెట్ కర్రకి తగిలించి, ఒట్టి చేతులు కర్ర మీద ఆనించి కాసేపు కూర్చునేవాడు. రోజులో చేతులకి గాలి తగిలేది అప్పుడే.

పడవని అచ్చులోంచి తీసి ఆరుబయట పెట్టిన రాత్రే గట్టి వాన కురిసింది.

పొద్దున్నే షెడ్డు దగ్గర జనం. గిన్నెలు పట్టుకుని ఆడవాళ్లు కూడా వచ్చారు. దైవాధీనం గారు పడవ చుట్టూ తిరిగారు. సుప్రియ అంచు నుంచి అంచు దాకా అరచేత్తో తడిమింది. నున్నగా, నీలంగా, ఒక్క ఆకు లేకుండా ఉంది పడవ. ఆడవాళ్లు గిన్నెలు కిందికి దించుకున్నారు. అల్లాబక్షుకి సంతోషమేసింది. ఆ వెంటనే పట్టలేని దిగులేసింది. ఇన్నేళ్లూ తన చేతుల్లో ఉన్నది పోయిందనుకున్నాడు.

"బాబాయ్, ఇటు రండి," గుమ్మం దగ్గర్నుంచి సుప్రియ పిలిచింది.

బిగుసుకుపోయిన బకెట్‌లో కర్ర కనపడటం లేదు. పైనుంచి కిందిదాకా ఎర్రెర్రగా లేత చింతచిగురు. నిన్న మర్చిపోయిన గ్లౌజులు ఆ గుబురు మధ్య వేలాడుతున్నాయి. అల్లాబక్షు అక్కడే చతికిలబడి, అందరి ముందూ, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఆడవాళ్లు అతని ఏడుపు అయిపోయేదాకా ఆగి, గిన్నెలతో ముందుకొచ్చారు. దైవాధీనం గారు, "ఆ సర్టిఫికెట్‌ని ఎవరూ లోపల పెట్టకండర్రా. వాన పడే చోటే ఉండనివ్వండి," అన్నారు. తర్వాత అల్లాబక్షు వైపు తిరిగి, "నాగాయలంక వాళ్ల పడవ ఎప్పుడు మొదలెడతావు?" అని అడిగారు.

అల్లాబక్షు కళ్లు తుడుచుకుని లేచాడు. గ్లౌజుల్లో ఇరుక్కున్న ఆకుల్ని ఒక్కటి కూడా మిగలకుండా దులిపి, చేతులకి తొడుక్కున్నాడు. లోపలికెళ్లి కొత్త బకెట్ తీసి, ఎవరినీ అడక్కుండా, కొలత చూసి హార్డనర్ పోశాడు.